తిరిగి రాని క్షణము: సముద్రతీరమున ఛాయాచిత్రము తీయుట

సముద్రమును చూచి విసుగు చెందినవారు లేరు. కాని సముద్రతీరమున తీసిన ఛాయాచిత్రములను చూచి విసుగు చెందనివారు అరుదు. పది కుటుంబములు పది వేర్వేరు సంవత్సరములలో తీసికొన్న చిత్రములను ప్రక్కప్రక్కన పేర్చినచో అన్నియు ఒక్క చిత్రమే యన్నట్లు తోచును. నడుమ వరుసగా నిలిచిన మనుష్యులు, వారి వెనుక ఒక నీలపు గీత, పైన వెలిసిపోయిన ఆకాశము. ఆనాడు ఆ ఒడ్డున ఏమి జరిగినదో, ఎవరు నవ్విరో, ఎవరు అలకు వెరచి పరుగెత్తిరో ఆ చిత్రము చెప్పదు. ఆ దినమునకు, ఆ గడియకు, ఆ మనుష్యులకు మాత్రమే చెందిన క్షణమును చిత్రమున నిలుపుట ఎట్లు? ఈ వ్యాసమున మేము వివరింపదలచినది ఈ విషయమునే.

ఈ విద్య మనకు కేవలము వినోదము కాదు. 1936 ఏప్రిల్ 1వ తేదీన గంజాం ప్రాంతము మదరాసు రాజధానినుండి విడివడి ఒడిశా రాష్ట్రమున చేరినది. ఎల్లలు మారినను ఒడ్డున వలలు లాగువారి భాష మారలేదు. గోపాలపురము మొదలు పూరీ వరకు ఇసుకతిన్నెలపై నేటికిని తెలుగు మాట వినబడుచున్నది. అయినను మన యిండ్లలోని పాత పెట్టెలు తెరచి చూడుడు. రంగుల తెర ముందు, కుర్చీలో, మోకాళ్ళపై చేతులుంచుకొని బిగుసుకొని కూర్చున్న తాతగారి చిత్రము దొరకును. తెల్లవారకముందే లేచి జీవితమంతయు తాడు లాగిన ఆ చేతులు తాడు పట్టుకొనియున్న చిత్రము మాత్రము దొరకదు. ఆ కాలమున కెమెరా ధనికుల వస్తువు; స్టూడియోకు పోవుట పెండ్లికో పండుగకో మాత్రమే. నేడు చాల యిండ్లలో ఫోనుతోపాటు కెమెరా యున్నది. అయినను మనము తీయునవి ఆ స్టూడియో చిత్రములే. తెర మాత్రము మారినది. కావున మనకు కొరతపడినది పరికరము కాదు, చూపు.

కెమెరాకు క్షణమును పట్టు శక్తి ఒక్కనాట రాలేదు. ఆ చరిత్రలో సముద్రమునకు చక్కని స్థానము కలదు. 1857లో గుస్తావ్ లె గ్రే అను ఫ్రెంచి ఛాయాగ్రాహకుడు దక్షిణ ఫ్రాన్సులోని సెత్ రేవువద్ద అలలను చిత్రించెను. ఆనాటి రసాయన ఫలకములు నీలికాంతికి మిక్కిలి త్వరగా స్పందించుటచే, నీరు సరిగా పడునంతసేపు తెరచియుంచినచో ఆకాశము తెల్లబోవుచుండెను. అందుచే ఆయన కొన్ని చిత్రములకు ఆకాశమును ఒక నెగటివునందును, సముద్రమును వేరొక నెగటివునందును తీసి, ముద్రించునప్పుడు రెంటిని సముద్రపు గీతవద్ద జోడించెను. ఆకాశము తెల్లబోవు చిక్కు నేటికిని మనల విడువలేదు.

తరువాతి మెట్టు మనుష్యులది. 1892లో లండనులో కొయ్యపై బొమ్మలు చెక్కి జీవించుచుండిన పాల్ మార్టిన్ అనునతడు, చూపునకు పొట్లమువలె కనబడు కెమెరాను చంకనుంచుకొని ఇంగ్లండులోని యార్మత్ తీరమునకు పోయెను. సెలవునాడు ఇసుకపై సేదదీరు సామాన్యజనులను, వారు ఎఱుగకుండ, ఉన్నవారిని ఉన్నట్లు చిత్రించెను. రాజులు, యుద్ధములు, శిథిల దేవాలయములు మాత్రమే చిత్రమునకు తగినవని తలచు కాలమున, ఒడ్డున కూర్చుండి కబుర్లు చెప్పుకొను పనివారు కూడ తగినవారేయని ఆ చిత్రములు చూపినవి.

మూడవవాడు హెన్రీ కార్టియే-బ్రెస్సన్. 1952లో వెలువడిన ఆయన పుస్తకపు ఆంగ్ల నామమునకు ‘నిర్ణాయక క్షణము’ అని అర్థము. దక్షిణ ఫ్రాన్సులోని యేర్ పట్టణమున 1932లో ఆయన తీసిన చిత్రమొకటి ఈ విద్యకు మంచి పాఠము. పైనుండి చూచిన మెట్ల వంపు చిత్రమున చాల భాగము నాక్రమించియుండును. దాని క్రింది వీధిలో సైకిలుపై ఒకడు దూసుకొనిపోవుచుండును. మెట్లు నిన్నను ఉన్నవి, రేపును ఉండును. సైకిలువాడు మాత్రము రెప్పపాటు కాలమే ఉండును. కదలని దానిలో కదులుదానిని ఉండవలసిన చోట నిలుపుటయే కూర్పు.

ఇది మనవారికి క్రొత్త సంగతి కాదు. తోలుబొమ్మలాటలో ముందు తెర కట్టుదురు. వెనుక దీపము వెలిగింతురు. ఆ పిమ్మటనే బొమ్మ ప్రవేశించును. సముద్రతీర చిత్రమునకు కూడ ఈ వరుసయే సరియైనది. వింత కనబడినచోటికెల్ల కెమెరాతో పరుగెత్తువానికి క్షణము దొరకదు. అతడు చేరునప్పటికి అది గతించియుండును. మొదట చోటు నెన్నుకొనవలెను. ఒరిగియున్న పడవ, ఆరవేసిన వల, తడి ఇసుకలో వంపు తిరిగిన నీటిజాడ, వీనిలో నేదైన నొకటి చాలును. దానిని చట్రమున చక్కగా అమర్చి, మనిషి వచ్చుటకు కొంత ఖాళీ విడిచి, నిలిచియుండవలెను. ఒడ్డు ఎన్నడును నిర్మానుష్యము కాదు. పిల్లవాడు కుక్కతో వచ్చును. గంప నెత్తిన పెట్టుకొని ఒకామె వచ్చును. ఆ ఖాళీలో వారడుగిడినప్పుడే మీట నొక్కవలెను.

తెర కట్టిన పిమ్మట దీపము మాట చూతము. మన తీరమున సూర్యుడు సముద్రమునుండి ఉదయించి భూమివైపున అస్తమించును. పడమటి తీరమున దీనికి విరుద్ధము. గోపాలపురమున జూన్ నెలలో సుమారు 5 గంటల 10 నిమిషములకు, డిసెంబరు చివర సుమారు 6 గంటల 20 నిమిషములకు సూర్యోదయమగును. ఆ వేళ ఒడ్డున నిలిచి సముద్రమువైపు చిత్రము తీసినచో వెలుగు మనుష్యుల వెనుకనుండి వచ్చును. వారు నల్లని నీడబొమ్మలవలె కనబడుదురు. ఇది లోపము కాదు, తోలుబొమ్మలాటయే. అయితే ఆ బొమ్మలు చేయువారి మెలకువను మనమును పాటింపవలెను. ముక్కు, గడ్డము, చేతులు తెలియునట్లు వారు చాల బొమ్మలను ప్రక్కచూపుగా చేయుదురు. నీడబొమ్మకును ప్రక్కచూపే అందము. రెండు కాళ్ళ నడుమ వెలుగు కనబడవలెను. చేయి దేహమునుండి విడివడియుండవలెను. ఒకరిపై నొకరు పడి ఒక్క ముద్ద కారాదు. అడుగు ముందుకు వేసిన క్షణమున మీట నొక్కినచో నడక తెలియును. రెండు కాళ్ళును కలిసిన క్షణమున నొక్కినచో స్తంభము నిలిచినట్లుండును.

ముఖములు కావలెనన్నచో ఉదయమున నీటి అంచుననుండి ఒడ్డువైపు తిరుగవలెను. పడవలకై ఎదురుచూచుచు నిలిచినవారి ముఖములపై లేయెండ పడుచుండును. వారి చూపులో పడవ ఇంకను కనబడలేదో, కనబడినదో, ఎవరి పడవయో తెలిసినదో అన్నియు చదువవచ్చును. సాయంకాలమున నియమము తారుమారగును. పడమటి వెలుగు మన వెనుకనుండి వచ్చి, నీటినుండి పైకి వచ్చువారి ముఖములపై పడును. మధ్యాహ్నమున వెలుగు నడినెత్తిన నుండుటచే కన్నులు గుంటలలో మునుగును. అప్పుడు పడవ నీడను, తాటాకు పందిరి నీడను ఆశ్రయించినవారిని చిత్రించుట మేలు.

చాల చిత్రములను చెరచునది సముద్రపు గీత. అది వంకరగా నున్నచో సముద్రము ఒక మూలకు ఒలికిపోవుచున్నట్లుండును. కావున ముందు దానిని సరిచేయవలెను. అది చిత్రమును సరిగా రెండు సగములు చేసినచో కన్ను ఎటు పోవలెనో తోచక నిలిచిపోవును. మేఘములు ముఖ్యమైనచో గీతను క్రిందికిని, ఇసుకపై మనుష్యులు ముఖ్యులైనచో పైకిని జరుపవలెను. అన్నిటికన్న పెద్ద దోషము, గీత మనిషి మెడగుండ పోవుట. దీనికి ఉపాయమొకటి కలదు. సమతలమైన ఇసుకపై సముద్రపు గీత ఎల్లప్పుడును కెమెరా యున్న ఎత్తుననే కనబడును. కెమెరాను ఒకటిన్నర మీటరు ఎత్తున పట్టినచో, అంతే యెత్తున భుజములున్నవారి భుజములగుండ గీత పోవును. కెమెరాను ఒక మీటరు ఎత్తునకు దింపినచో వారి తలయు భుజములును ఆకాశముపై స్పష్టముగా లేచి నిలుచును. చిన్నపిల్లలను తీయునప్పుడు మోకాళ్ళపై కూర్చుండవలెననుటకు కారణమిదియే. నిలుచుండి తీసినచో పిల్లవాడు ఇసుకలో మునిగిన చుక్కవలె కనబడును. కూర్చుండి తీసినచో వాడును ఒక మనుష్యుడై సముద్రము నెదుట నిలుచును. ఒడ్డు వాలుగా నున్నచోట, దిగువ నిలిచినవారికి గీత మఱికొంత పైకి వచ్చును; అప్పుడు కెమెరాను ఇంకను దింపవలెను.

ఇక అల. అలలు ఒకదానివలె నొకటి యుండవు. కాని వానికి ఒక నడక కలదు. మీట నొక్కుటకు ముందు పది అలలను ఊరక చూడవలెను. ఎక్కడ విరుగుచున్నది, ఎంత దూరము ప్రాకుచున్నది, మరల ఎంతసేపటికి వచ్చుచున్నది కన్నునకు పట్టుబడును. అల వెనుకకు పోయిన వెంటనే తడి ఇసుకపై పలుచని నీటిపొర నిలిచి అద్దమువలె మెరయును. ఆ కొద్ది క్షణములలో నడచువాని ప్రతిబింబము పాదముల క్రింద తలక్రిందుగా కనబడును. నీరు ఇంకగానే అద్దము మాయమగును. ఇసుకపై పాదముద్రల ఆయువు కూడ ఒక్క అలయే. ఇట్టి సంగతులు తెలిసినవాడు అదృష్టమునకై కాచుకొనడు. ఏది ఎప్పుడు రానున్నదో ఎఱిగి సిద్ధముగా నుండును.

మన ఒడ్డున జరుగు పనినొకదానిని తీసికొని ఈ సూత్రములను పరీక్షింతము. తీరమునుండి లాగు పెద్ద వలను అలివి వల యందురు. తాడు కొస నొకదానిని ఒడ్డుననుంచి, పడవలో వలను చుట్టుగా విడిచికొనుచు పోయి, రెండవ కొసను కొంత దూరమున ఒడ్డునకు చేర్తురు. అప్పుడు రెండు జట్లు రెండు తాళ్ళను లాగును. వల దగ్గరపడినకొలది జట్లును దగ్గరకు జరుగును. చివరకు నడుమనున్న వలసంచి ఒడ్డు చేరును. క్రొత్తవాడు సంచి తెరచునప్పుడు మాత్రమే గుంపులో దూరి, చేపలను చిత్రించి వచ్చును. చేపలు సంతలో కూడ కనబడును. తాడు లాగు జట్టు ప్రక్కన నిలిచి చూడుడు. దేహములన్నియు వెనుకకు ఒకే వాలున వంగియుండును. తాడు చిత్రమున ఒక మూలనుండి వేరొక మూలకు గీత గీసినట్లుండును. వరుసలో ఒక్కడు మాత్రము జారి నవ్వును. చిత్రము ఆ నవ్వులో నున్నది. సంచి తేలిన క్షణమున చేపలను కాక చూచువారి కన్నులను చూడుడు. అందఱును చేపలను చూచుచుండగా ముసలివాడొకడు చిరిగిన కన్నును వ్రేళ్ళతో తడవుచుండును. రేపటి పని అతనికి ఇప్పుడే కనబడినది. ఇట్టి క్షణములు అదే వలకు, అదే మనుష్యులకు అదే తీరున మరల రావు.

సాంకేతిక విషయములు కొన్ని తెలిసియుండుట అవసరము. ఎగసిన నీటితుంపరలు గాలిలో నిలిచినట్లు కావలెనన్నచో సెకనులో 500వ వంతు, లేక అంతకన్న తక్కువ కాలము వెలుగును లోనికి రానీయవలెను. సెకనులో 15వ వంతు తెరచినచో అల పాలనురుగువలె చెదరును. కెమెరాను కదలకుండ ఆనించి పట్టినచో కదలని పడవ ప్రక్కన ఇదియు నొక అందమే. చేతితో సవరింపగల కెమెరా యున్నవారు నిండు ఎండలో ఎఫ్ 16 రంధ్రమును, ఐ.ఎస్.ఓ. 100కు సెకనులో 125వ వంతును మొదటి లెక్కగా పెట్టుకొనవచ్చును. తళతళలాడు ఇసుకయు నీరును వెలుగును మఱింత చిమ్ముటచే ఎఫ్ 22 వరకు పోవలసి రావచ్చును. స్వయముగా లెక్కించుకొను కెమెరా ఆ మెరుపును చూచి మోసపోయి, ముఖములను నల్లబరచును. ఫోనులో ముఖముపై వ్రేలితో తాకినచో అది ఆ ముఖమునకు తగిన వెలుగును లెక్కించుకొనును. ఆకాశపు రంగు కావలెనన్నచో ఆకాశముపై తాకి, మనుష్యులను నీడబొమ్మలుగా విడువవలెను. ఒకేసారి రెండును కోరుటయే లె గ్రేను రెండు నెగటివులు తీయించినది.

సముద్రపు ఒడ్డున మర్యాదయు, జాగ్రత్తయు కూడ విద్యలో భాగములే. పాల్ మార్టిన్ దాచిన కెమెరాతో తీసెను. మనమట్లు చేయుట తగదు. స్నానము చేయువారిని, దుఃఖములో నున్నవారిని, వద్దని చేయి చూపినవారిని తీయరాదు. ఇతరుల పిల్లలను తీయునప్పుడు పెద్దల అనుమతి కావలెను. ‘అన్నా, మీరు లాగుచుండగా తీయవచ్చునా?’ అని ముందు అడిగి, పిమ్మట అరగంట ఊరకుండినచో వారు మనలను మఱచి తమ పనిలో పడుదురు. అప్పుడు సహజమైన చిత్రమే దొరకును. బిగిసిన తాటికి అడ్డముగా నిలువరాదు. కెమెరాలో చూచుచు వెనుకకు నడువరాదు. సముద్రమునకు వీపు చూపినప్పుడు ఎవరైన నొకరిని కావలి నిలుపుకొనవలెను. ఋషికుల్య ముఖద్వారమువద్ద తాబేళ్ళు గ్రుడ్లు పెట్టు రాత్రులలో మెరుపుదీపము వెలిగింపరాదు; వెలుగు వానిని కలవరపరచును. ఉప్పుగాలి, ఇసుక కెమెరాకు శత్రువులు. ఇల్లు చేరగానే మెత్తని పొడిగుడ్డతో తుడువవలెను.

తల్లిదండ్రులకు ఒక మాట. ఒడ్డు నేడున్నట్లు రేపు ఉండదు. కొబ్బరిపీచు తాటితో పలకలు కుట్టిన మసూలా పడవలను చూచినవారు నేడు ముసలివారే; పెక్కుచోట్ల కొయ్య తెప్పల స్థానమును ఫైబరు పడవలు ఆక్రమించినవి. 2013 అక్టోబరు 12వ తేదీన పైలిన్ తుపాను గోపాలపురము చెంతనే తీరము దాటినది. తుపానునకు ముందటి ఒడ్డు ఎట్లుండెనో చెప్పుటకు చిత్రమున్న యింట చిత్రము చెప్పును. లేనియింట పెద్దల జ్ఞాపకమే చెప్పవలెను. అందుచే పిల్లవాడు పండుగ దుస్తులవారిని విడిచి, వల కుట్టు అవ్వను, పడవకు తారు పూయు మామను చిత్రించుచున్నచో వానిని మందలింపకుడు. ఆ పనులు మన యింటివి గనుక మనకు సామాన్యముగా తోచును. మనుమలకు అవియే అపురూపములు.

ఇక చిత్రము చేయలేని పని యొకటి కలదు. అది పేరు చెప్పదు. నలుబది సంవత్సరముల పిమ్మట చూచువారికి ముఖము తెలియును గాని మనిషి తెలియడు. వల కనబడును గాని దాని పేరు వినబడదు. కావున నచ్చిన చిత్రములను కొన్నిటినైన కాగితముపై అచ్చువేయించి, వెనుక మెత్తని పెన్సిలుతో ఎవరు, ఎక్కడ, ఏనాడు, ఏమి చేయుచున్నారో తెలుగున వ్రాయవలెను. పనిముట్ల పేర్లను పుస్తకములలో వెదుకనక్కర లేదు. పట్టుకొనినవారినే అడిగి, వారు పలికినట్లే వ్రాయవలెను. చాల యిండ్లలో అవ్వకు మాట తెలియును, అక్షరము తెలియదు. మనుమనికి అక్షరము తెలియును, మాట తెలియదు. చిత్రము చేతికిచ్చి ‘ఇదేమి, అవ్వా?’ అని యడిగినచో రెండును ఒక్కచోట చేరును.

విద్యార్థులకు ఒక అభ్యాసము సూచించి ముగింతుము. వచ్చు ఆదివారమున తెలిసిన పెద్దవారొకరితో ఒడ్డునకు పోయి, ఒకే చోట ఒక గంట నిలువుడు. పండ్రెండు చిత్రములకు మించి తీయకుడు. లెక్క పెట్టుకొన్నచో ప్రతి పర్యాయమును వ్రేలు ఆగి ఆలోచించును. మొదటి పావుగంట ఏమియు తీయక అలలను, వెలుగును, వచ్చిపోవువారిని చూడుడు. ఇంటికి వచ్చి పండ్రెండింటిలో ఒక్కదానిని ఎన్నుకొని, దాని వెనుక నాలుగు పంక్తులు వ్రాయుడు. ఆ మరుసటి ఆదివారమున అచ్చువేయించిన ప్రతి నొకదానిని, చిత్రమున నున్నవారి చేతికే ఇచ్చి రండు.